అవ్వ దవాఖానల అనుభవం

కెజియా బిడ్డా, నేను పత్తి చేన్ల పూలకు క్రాసింగు చేసే కూలికి పోతున్న. అన్నం గంప కింద ఉంది. ఫోన్ల ఆ ఇంటర్వ్యూ క్లాసు వినుకుంట తినుడు మర్చిపోకు.

నర్సు చదువు పాసైనా, అనుభవం లేదని దవాఖానోళ్లు నిన్ను తిప్పి పంపిరి. ఫోన్ల సారేమో "నవ్వుకుంట మాట్లాడితే కొలువు అదే వస్తది" అంటుండు. నవ్వితే సూది దిగుతదా? ఈత నేర్చినంకనే నీళ్లల్ల దిగుమన్నట్టున్నది వీళ్ల కథ!

అందుకే నా షుగరు సూదికి ఆర్‌ఎంపీ దగ్గరికి ఇగ పోను. మందు తడిబట్టల చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టిన. రోజూ పొద్దుగూకినంక, నేను బువ్వ తినకముందు, నువ్వే సూది వెయ్యాలె. సోమారం వనపర్తి దవాఖాన ఇంటర్వ్యూల అనుభవం ఏదని అడిగితే ధైర్యంగ చెప్పు, మా అవ్వ దవాఖానల చేస్తున్న అని.

మీ అవ్వ

నవ్వుకుంట మాత్రం వెయ్యకు బిడ్డా, చెయ్యి వణుకుతది.