సోమమ్మ కంచం వేరు పెట్టించింది నేనే

మార్చి 4
ఖమ్మం నుంచి ఛాతీ డాక్టరమ్మ ఫోన్. సోమమ్మ కఫంలోని పురుగును ల్యాబులో రెండుసార్లు పెంచి చూశారట, రెండుసార్లూ ఒకటే రకం. టీబీ కాదు. దానికి చుట్టం — మట్టిలో, నీళ్లలో ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే అచ్చం టీబీలాగే దగ్గిస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు, అంది.
అంటదు.
ఆరు నెలలు టీబీ మందు మింగించాను ఆమె చేత.

మార్చి 5
పాత ఫైలు తీశాను. తీయకపోయినా తెలుసు. మైక్రోస్కోపులో పురుగు ఉంది, మిషన్ పరీక్షలో మాత్రం 'టీబీ లేదు'. కింద మా డాక్టరు రాత — కఫం రెండో నమూనా పంపాలి. ఆ పని నాది. అప్పుడు సోమమ్మ ఊరి దారిలో, పినపాక అవతల వాగు పొంగింది, బండి దాటదు. తర్వాత వాగు తగ్గింది... నేను పోలేదు. పురుగు కనపడింది కదా, ఇంకేం కావాలి అనుకున్నా. ఆరోగ్య కార్యకర్తగా ఇరవై ఏళ్ల సర్వీసు, తెలివి ముదిరింది. డాక్టరు అడిగితే "పంపిన సార్" అన్నాను. రిపోర్టు కోసం ఆగలేక మందు మొదలుపెట్టారు.

మార్చి 6
ఎవరికీ చెప్పలేదు.

మార్చి 8
కొత్తల పండుగ గుర్తొస్తోంది. కొత్త పంట దేవతకు పెట్టి ఊరంతా ఒక్కచోట తినే రోజు. సోమమ్మకు కంచం వేరు, చోటు వేరు అని ముందే ఊరిపెద్దకు చెప్పి వచ్చాను. నోటికి గుడ్డ కట్టుకుంటే చాలని మాకిచ్చిన పుస్తకంలో ఉంది. మిగతాది నా సొంత పైత్యం. పశువుల కొట్టం పక్కన కూర్చోబెట్టారు. అన్నం దూరం నుంచి జరిపారు. నేను అక్కడే ఉన్నాను. మంచి కట్టుబాటు ఉన్న ఊరని మెచ్చుకున్నాను కూడా! సిగ్గుండాలి.
దగ్గు తగ్గకపోతే, మాత్రలు పారేస్తున్నావని పదిమందిలో తిట్టాను. ఖాళీ అట్టలు తెచ్చి చూపించింది. అట్టలు చూపిస్తే మింగినట్టేనా అన్నాను.

మార్చి 11
భద్రాచలంలో సోమమ్మకు కంటి పరీక్ష. కొత్త కోర్సులో ఒక మందు చూపు మీద పడొచ్చట, ముందే చూసుకోవాలి. కోడలు తీసుకొచ్చింది. నేను ఎదురుపడలేదు, పక్క గదిలో నిలబడ్డాను. చూపు బాగుందన్నారు.

మార్చి 12
మూడు మందులు. సోమ, బుధ, శుక్రవారాలు. కఫం శుభ్రపడ్డాక ఇంకో ఏడాది. మధ్యలో మానితే జబ్బు మందుకు లొంగదు. "ఆమె మీ మాట వింటుందా?" అని డాక్టరమ్మ. వింటుంది మేడం అన్నాను.
ఎందుకు వినాలి?

మార్చి 14, శుక్రవారం
వెళ్లాను. వాకిళ్లలో ఇప్పపువ్వు ఆరబోశారు. ముందు ఊరిపెద్దకు చెప్పా — అంటుకునే జబ్బు కాదు, అందరితో కూర్చోబెట్టుకోండి అని.
"దూరం పెట్టుమని నువ్వే గద సార్ జెప్పింది."
అవ్ అన్నాను.
తర్వాత సోమమ్మ. జబ్బు పేరు వేరు, మందులు మారుతున్నాయి, చాలా రోజులు వాడాలి... పాత కోర్సులోనూ ఉన్న ఎర్ర మాత్ర చూసి, ఇది నాకెరికే అంది. రెండో నమూనా సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తనే —
"తప్పు నాదే సార్. పండుగనాడు ఏడుపొచ్చి గోలీలు మింగలే. గా ఒక్కనాటికే గిట్లయింది."
నాలుగు నెలలుగా అదే మోస్తోంది. కాదు తల్లీ, అని ఒక్క మాట అంటే సరిపోయేది. నీళ్ల చెంబు అందించాను. మూడు మందులూ మింగింది.
ఇకనుంచి మరిచిపోకు — అన్నాను. ఆ మాట అన్నాను నేను.

మార్చి 16
రేపు రెండో డోసు. చెప్పాలి. చెబితే నా చేతి మందు మింగుతుందా? మానేస్తే ప్రాణం మీదికొస్తుంది... చూడు, చెప్పకపోవడానికి ఎంత మంచి సాకు దొరికిందో.
సాయంత్రం కోడలు ఫోన్. అత్త ఇవాళ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒకే కంచంలో తిన్నదట. "సార్‌కు దండం పెట్టినట్టు జెప్పుమన్నది."
సరేనమ్మా అని పెట్టేశాను.