విజిల్ ఊదిన తరువాత

దిల్‌సుఖ్‌నగర్,
శనివారం ఉదయం.

చిరంజీవి సౌభాగ్యవతి సుగుణకు,

అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు కృప మీ గడపకు కొరత పడకూడదని మీ వదినా నేనూ రోజూ వేడుకుంటున్నాము. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? మీ అత్తమ్మగారి కంటి చూపు ఎలా ఉన్నది? ఇక్కడ మేము కుశలమే. దానియేలు కూడా కుశలమే. ఈ మాట ముందే వ్రాస్తున్నాను, ఎందుకంటే ఇకపై చదవబోయేది చదువుతూ నీవు కంగారుపడకూడదు. నీ కొడుకు ఒంటి మీద మానని గాయమేదీ లేదు.

ఫోనులోనే చెప్పవచ్చు గదా అంటావు. ఫోనులో జారిన మాటను దిద్దుకోలేము. కాగితం మీదైతే కొట్టివేసి మళ్ళీ వ్రాయవచ్చు. ఇది మూడవ ప్రతి.

ఎండలు ముదిరాయి. మా గది రేకుల కప్పు కింద మధ్యాహ్నం గోడకు చేయి ఆనించలేము. కొత్తపేట రైతుబజారులో కూరగాయలకు లోటు లేదు, రుచికే లోటు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, ఇక్కడ నాతో మాట్లాడేవారు లేక దుకాణాల బోర్డుల మీది తప్పులు లెక్కపెడుతూ నడుస్తున్నాను. ఆ ఒంటరితనమే నన్ను మా చర్చి సంఘం కబడ్డీ జట్టు వెంట తిప్పింది. వారు నెలకొకసారి ఏదో ఒక ఊరికి వెళ్ళి అక్కడి జట్టుతో ఆడతారు. సగం ఆట ముగిశాక ఒకరు నిలబడి తమ విశ్వాసం గురించి నాలుగు మాటలు చెబుతారు. "ఉత్తగ వాక్యం చెప్తే ఎవ్వడు నిలవడడు మామా, ఆట పెడితే ఊరంత ఒస్తది" అని దానియేలే అనేవాడు. కూతకు వెళ్ళడంలో వాడిని మించినవాడు ఆ జట్టులో లేడు.

పది పన్నెండు రోజుల క్రితం ఎల్బీనగర్ నుండి టెంపోలో బయలుదేరి నాదర్‌గుల్ దాటి ఒక ఊరికి చేరాము. రెఫరీగా నన్ను ఉండమన్నారు. ఆ ఊరి జట్టు నాయకుడు యాదగిరి అనే తాపీ మేస్త్రీ. "మీ దిక్కోడే అయినా పంతులు సారు గద, అన్యాలం చెయ్యడు" అని వాడూ ఒప్పుకున్నాడు.

ఇక నా తప్పు వ్రాస్తాను. దారిలో నేనే జట్టుకు ఒక సలహా ఇచ్చాను. "కబడ్డీ, కబడ్డీ" అనే కూతకు బదులు "యేసు రాజు, యేసు రాజు" అంటూ వెళితే ఆటే సాక్ష్యం అవుతుందన్నాను. మొదటి కూత వినగానే యాదగిరి ఆట ఆపాడు.

"సారూ, కూతంటే కబడ్డీ అనే ఉండాలె గద?"

మన చిన్నతనంలో ఊరికొక కూత ఉండేదని వాడికి పాఠం చెప్పాను.

"గట్లనా. మేం ఎల్లమ్మ తల్లి పేరు చెప్తం. మళ్ల వద్దనొద్దు."

అభ్యంతరం లేదన్నాను. గొప్ప న్యాయం చేశానని లోలోపల పొంగిపోయాను కూడా.

పది నిమిషాలలో అది ఆట కాకుండా పోయింది. అవుటైనవాడు తాను ఒక్కడే ఓడినట్లు కాక తన దేవుణ్ణి ఓడించినట్లు బయటికి నడుస్తున్నాడు. మోచేతులు మూతుల మీద పడ్డాయి. మావాడొకడి పెదవి చీలింది. వారివాడొకడి వేలు వెనక్కి వంగింది. అప్పుడే ఆపవలసింది. నేను పాయింట్లు లెక్కపెడుతూ నిలబడ్డాను.

దానియేలు కూతకు వెళ్ళాడు. యాదగిరి వాడి చీలమండ పట్టాడు. నలుగురు మీద పడి వాడి ముఖాన్ని కంకరమట్టిలో రుద్దారు. కూత తెగింది. "ఏడిరా మీ రాజు, పిలువు, ఒస్తడేమో" అని ఎవరో అరిస్తే జనం పగలబడి నవ్వారు. నేను విజిల్ ఊదాను. అందరూ వదిలేశారు. యాదగిరి మోకాళ్ళ మీదే ఉండి, దానియేలును లేపడానికి చేయి చాచాడు. ఇది నేను నా రెండు కళ్ళతో చూశాను, చెల్లెమ్మా. నీ కొడుకు లేచి, చాచిన ఆ చేతి భుజం మీద మడమతో తన్నాడు. ఎండిన కందికట్టె విరిగినట్లు చప్పుడైంది. వాడు పడిపోయిన తరువాత అక్కడే మరొకసారి తన్నాడు.

ఆ తరువాత జనం కోసం వేసిన షామియానా గుంజలు ఊడివచ్చాయి. వారూ పెరికారు, మావారూ పెరికారు. రాళ్ళు పడ్డాయి, టెంపో అద్దం పగిలింది. ఒక గుంజ నా నుదుటికి తగిలింది. కళ్ళద్దాల మీద నెత్తురు కారి మనుషులంతా ఒకే రంగులో కనబడ్డారు. ఏడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు నొప్పి లేదు, కంగారుపడకు.

మరునాడు మా పాస్టరుగారు ఇంటికి వచ్చారు. కోస్తా మనిషి, మెత్తనివాడు. "మాస్టారండీ, సువార్త చెప్పబోతే కారణం లేకుండా కొట్టారని పోలీసులకు ఫిర్యాదు రాసి పెట్టండి. మీ భాషైతే చక్కగా ఉంటుంది" అన్నారు.

"రాయి మామా" అన్నాడు దానియేలు. "నా మీద కేసయితే రైల్వే నౌకరి పోతది. ఆటల కోటాల పేరొచ్చింది, నీకెర్కే గద."

ఎరుకే. నీవు ఆ ఉద్యోగం కోసం ఎన్ని ఉపవాసాలున్నావో కూడా ఎరుకే. కాగితం తీసుకుని, విజిల్ తరువాత మొదటి దెబ్బ నా మేనల్లుడిదని, ఆ కూతకు అనుమతించినది నేనేనని వ్రాసి సంతకం చేశాను. పాస్టరుగారు చదివి, తల వంచుకుని వెళ్ళిపోయారు. దానియేలు నా కాలరు పట్టుకుని గోడకు అదిమాడు. "నువ్వు మామవేనా, పగోడివా" అన్నాడు. ఒక కుట్టు తెగి నెత్తురు వాడి చేతి మీద పడింది. దాన్ని చూసి వదిలాడు. నీ దగ్గర దాచకూడదని ఇది కూడా వ్రాస్తున్నాను.

ఆ కాగితం పట్టుకుని నేను దవాఖానకు వెళ్ళాను. యాదగిరి విరిగిన భుజం ఎముకకు కట్టుతో, భార్య చెంచాతో పోస్తే గంజి తాగుతున్నాడు. కాగితం వాడి చేతిలో పెట్టి, నీ ఇష్టం వచ్చినట్లు వాడుకో అన్నాను. నింపాదిగా చదివి దిండు కింద పెట్టుకున్నాడు.

"కేసొద్దు సారూ. బొక్క అతికినంక మీ పోరడు అదే గ్రౌండ్ల నా ముంగటికి కూతకు రావాలె. ఉత్త కబడ్డీ అని. విజిల్ పడ్డంక కాలు లేపొద్దు. రాకపోతే గప్పుడు ఈ కాయితం పోలీసోల్లకిస్త."

ఇంటికి వచ్చి ఈ మాట ఉన్నదున్నట్లు దానియేలుకు చెప్పాను. విని బయటికి వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులుగా నాతో మాట లేదు. మీ వదిన పెట్టిన అన్నం తింటాడు, నేను వస్తే లేచి వెళ్ళిపోతాడు. వాడి ఉద్యోగం నా చేతులతో మరొకరి దిండు కింద పెట్టాను. నీవు నన్ను నిందించినా నేను కాదనను. మళ్ళీ వ్రాయవలసి వచ్చినా అదే వ్రాస్తాను.

బావగారికి వందనాలు చెప్పు. అత్తమ్మగారు నా కోసం ఒక్క ప్రార్థన చేస్తే చాలునని చెప్పు. వీలైతే కొత్త చింతపండు పంపు, ఇక్కడి దానితో పచ్చిపులుసు కుదరడం లేదు. ఆ ఇంట అందరూ చల్లగా ఉండాలని కోరుతూ,

నీ మేలు కోరే అన్నయ్య.

కవరు అంటించబోతూ మళ్ళీ విప్పాను. ఇందాకటి నుండి ఇంటివారి డాబా మీద ఏదో చప్పుడు. మెట్ల దగ్గర నిలబడి విన్నాను. "కబడ్డీ, కబడ్డీ" అని ఒకే ఊపిరిలో, తెగకుండా. దానియేలు దిగి వచ్చి చెమట తుడుచుకుంటూ, నా ముఖం చూడకుండా అడిగాడు: "మామా, ఆయన బొక్క ఎన్ని దినాలకు అతుకుతదట?"