కాగితం మీద లేని మాట

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం, నువ్వూ తమ్ముడూ కులాసాగా ఉన్నారనుకుంటాను. "ఒంటికాయ శొంఠికొమ్మువి, నీకు 'మేం' ఏమిటే?" అని నవ్వకు. ఆ సంగతికే వస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. నీ నవలని సినిమావాళ్లు మరీ పాడు చెయ్యలేదు. మేనత్త పాత్రని లేపేశారు, రెండు పాటలు ఇరికించారు, అంతే. చెల్లెలి వేషం వేసినమ్మాయి బాగా చేసింది. ఆ అమ్మాయికి గొంతు ఇచ్చేది నీ కూతురు కాబట్టి ఇంకా బాగుంటుంది. నా డబ్బా నేను కాక ఇంకెవరు కొడతారు?

నవల్లో ఆ చెల్లెలు పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయి, బస్సెక్కి, ఎక్కడో హాయిగా బతుకుతుంది. అది పిన్ని కథేనని మనింట్లో అందరికీ తెలుసు. నేను పుట్టకముందే ఇల్లు విడిచిన పిన్ని ఎక్కడో చల్లగా ఉందని అమ్మమ్మ ఆఖరిదాకా నమ్మింది నీ పుస్తకం చూసుకునే కదా. నేనూ నమ్మాను.

మొన్న ఆఖరి సీను డబ్బింగ్. తెరమీద ఆ అమ్మాయి పెరట్లో బావి దగ్గర వెనక్కి తిరిగి, మూసిన తలుపు వైపు చూసింది. పెదవులు కదిలాయి. నా చేతిలో కాగితం మీద అక్కడ మాటే లేదు.

"ఏదో ఒకటి వెయ్యండి మేడమ్, నోరు ఖాళీగా ఆడితే హాల్లో నవ్వుతారు," అన్నాడు సౌండ్ ఇంజినీరు.

"ఏం వెయ్యను, నా తలకాయ! రాస్తే కదా?"

ఆ అమ్మాయికి ఫోన్ చేశాం. "అయ్యో, నేనసలు నోరే విప్పలేదండీ. వెనక్కి తిరగను కూడా లేదు," అంది.

ఈ పనిలో జుట్టు నెరిసినదాన్ని, పెదవి చూసి మాట పట్టేస్తాను. ఆ ముక్కని మళ్లీ మళ్లీ వేయించుకుని, ఆ పెదవులతో పాటు నా పెదవులూ కదిపాను. మాట దానంతటదే వచ్చింది. "అక్కా, గ... గడియ తియ్యవే."

రికార్డయినదాన్ని తిరిగి వినిపించారు. ఆ గొంతు నాది కాదు. నాకు నత్తి లేదు. పిన్నికి ఉండేదని అమ్మమ్మ చెప్పేది, నీ నవల్లో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇక, నువ్వు ఉత్తరం చివర్న చిన్న అక్షరాలతో అడిగిన ప్రశ్న. "ఆఖర్న అది వెనక్కి తిరిగి చూస్తుందా?" చూస్తుందమ్మా. వెనక్కి చూడకుండా వెళ్లిపోయిందని కదా నువ్వు రాశావు? మరి నీకీ అనుమానం ఎందుకొచ్చింది? ఆ గడియ లోపల్నించి వేసిందెవరు? మొదటిసారి, నువ్వంటే నాకు భయంగా ఉంది.

ఇంతసేపూ నాన్చిన మాట చెప్పేస్తాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం నా వంటింటి తలుపు ఎవరో కొట్టారు. అదే నత్తి, అదే మాట. అయినా తీశాను. బయట ఎండ మండిపోతోంది, తను మాత్రం నిలువునా తడిసి ఉంది. నాకంటే ఎంత చిన్నదో! ఎంత తుడిచినా ఆ జుట్టు ఆరడం లేదు.

పిన్ని నిన్ను అడిగినట్టు రాయమంది. ఇక్కడ ఉండదట, అక్కని చూడాలట. ఈసారి నిజంగానే బస్సెక్కిస్తున్నాను. ఉత్తరం వెనకే వస్తుంది.

పిలిస్తే తియ్యమ్మా.

ఇట్లు,
నీ కూతురు