చెయ్యెత్తితే ఆగే బండి

వాల్దెరోబ్లే,
1971 మార్చి నెలాఖరు

నా బంగారు లెయాంద్రోకు అమ్మ ముద్దులూ దీవెనలూ.

ఇక్కడ నేనూ, మీ నాన్నా, కుక్కా కులాసాగా ఉన్నాం. మెలిల్లా ఎండలో నువ్వూ అలాగే ఉన్నావనీ, ఆ సార్జంటు నీ మీద అరవడం కాస్త తగ్గించాడనీ అనుకుంటున్నాను. నీ ఉత్తరం అందింది. మీ నాన్న రెండుసార్లు చదివించుకుని, దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాడు.

మీ నాన్న మోకాలు సంగతి అడిగావు. డాక్టరు అటక ఎక్కొద్దన్నాడు, ఈయన ఎక్కుతూనే ఉన్నాడు. మన కుక్క కానెలో నా కొత్త చెప్పు నమిలేసి, ఏమీ ఎరగనట్టు నా కాళ్ల దగ్గరే పడుకుంటోంది. నువ్వడిగిన చొరీసో సాసేజి వేరే పార్సిల్లో పంపాను. ఒక్కడివే దాచుకు తినకు. సార్జంటుకూ ఓ ముక్క పెట్టు, నోరు నిండితే తిట్లు తగ్గుతాయి.

ఇక అసలు సంగతి. "వెళ్లావా? కసిల్దా వాళ్ల నాన్న ఏమన్నాడు?" అని ఒకే ఉత్తరంలో మూడుచోట్ల అడిగావు. వెళ్లాను. ఎందుకు వెళ్లను? సైన్యంలో సెలవు దొరకని కొడుకు తరఫున పిల్ల చెయ్యి అడగడానికి తల్లి కాకపోతే పక్కింటివాళ్లు వెళ్తారా?

సెయింట్ జోసెఫ్ పండగ పొద్దున నల్ల గౌను వేసుకున్నాను. మీ నానమ్మ కడియం రుమాల్లో కట్టి రవికలో దోపుకున్నాను. బాదం కేకు చేతిలో పట్టుకుని గడప దాటుతుంటే మీ నాన్న ఎప్పటిలాగే అడ్డుపుల్ల వేశాడు. "పండగపూట బండ్లు సరిగ్గా కలవవు. క్రుసేదాలో చిన్న బండి నిన్ను వదిలేసి పోతుంది చూడు."

"నన్ను వదిలి పోయే బండి ఇంకా పుట్టలేదు" అన్నాను.

క్రుసేదా సంగతి నీకు తెలుసుగా. మనం పెద్ద బండి దిగే వేళకి చౌకు అవతలి స్టేషన్లో లోయకు పోయే చిన్న బండి కూత వేస్తూ ఉంటుంది. ఆ రెండు స్టేషన్లవాళ్లకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది, ఒకరికోసం ఒకరు ఆగరు. అందుకే నేను ముందు పెట్టెలోనే ఎక్కుతాను, ఊరు కనబడగానే తలుపు దగ్గర నిలబడతాను. దిగాక ఎవరికీ బుగ్గ ఇవ్వను, అదే ముఖ్యం. మనవాళ్లకు రెండు ముద్దులతో మొదలైన పలకరింపు మేనమామ అల్లుడిదాకా పోతుంది, ఈలోగా బండి పోతుంది. ఆరోజు చౌకులో మన కబుర్ల ప్రాక్సెదెస్ రెండు చేతులూ చాచి ఎదురొచ్చింది. "తర్వాత, తర్వాత!" అని కేకు నెత్తిన పెట్టుకుని పరుగో పరుగు. చిన్న బండి నడిపే ఒనోరినో నన్ను చూసి పగలబడి నవ్వాడు.

"దొమితిలమ్మా, ఆ కేకు నాకేనా?"

"ముందు బండి కదుపు, తర్వాత చూద్దాం" అంటూ ఎక్కేశాను.

కసిల్దా వాళ్ల ఊరు ఫ్వెంతెసెకాలో దిగాను. వాళ్ల నాన్న గుమెర్సిందో గుమ్మంలోనే మీసం దువ్వుతూ నిలబడ్డాడు. సోంపు సారా పోశాడు. నేను పద్ధతిగా అడిగాను, ఆయన పద్ధతిగా దగ్గాడు. "ఇచ్చాను. పిల్ల చెయ్యి మీ వాడిదే!" అని బల్ల మీద గుద్దాడు. పిల్లేదీ అంటే, పై ఊళ్లో పిన్నికి పండగ శుభాకాంక్షలు చెప్పి భోజనం వేళకి వచ్చేస్తుందన్నాడు. ఎండబెట్టిన పందితొడ కోయడానికి వంటింట్లోకి వెళ్లాడు.

ఇక్కడిదాకా నీకు సంతోషమే. మిగతాది కూర్చుని చదువు.

ఆయన అటు వెళ్లగానే పైనుంచి కూత వినబడింది. కూత వింటే నేను కుర్చీలో ఉండలేనని నీకు తెలుసు, ఎదురుగా ఉన్న స్టేషన్లోకి వెళ్లి నిలబడ్డాను. ఒనోరినో బండే, పైదాకా వెళ్లి దిగివస్తోంది. ఫ్వెంతెసెకాలో ఎవరైనా చెయ్యెత్తితేనే బండి ఆగుతుంది, లేకపోతే తిన్నగా పోతుంది. పండగ రోజు ఎవరెత్తుతారు? రెండో పెట్టె కిటికీలో నీ కసిల్దా. ఒళ్లో బట్టల పెట్టె. నన్ను చూడగానే తలగుడ్డ ముఖం మీదికి లాక్కుంది. తండ్రి కంట పడకుండా పై ఊళ్లో ఎక్కిందన్నమాట!

నేను చెయ్యెత్తాను. పలకరింపుగా ఊపానని తర్వాత ఊరందరికీ చెప్పాను. నీకు నిజం చెబుతున్నాను, ఆపడానికే ఎత్తాను. జుట్టు పట్టుకునైనా దింపి భోజనాల బల్ల ముందు కూర్చోబెడదామనుకున్నాను.

బండి కీచుమని ఆగింది. ఒనోరినో తల బయటపెట్టాడు. "ఎక్కుతావా లేదా? కింద బార్సెలోనా బండి నాకోసం కాచుక్కూర్చోదు!"

"ఉండవయ్యా! కసిల్దా, దిగు. మీ నాన్న మాటిచ్చాడు. నీ చెయ్యి మా వాడిదన్నాడు."

ఆ పిల్ల కిటికీలోంచి తన కుడిచెయ్యి బయటకు చాచింది. "ఇదేనా అత్తా ఆ చెయ్యి? ఇది మా నాన్న భుజానికి ఉందా, నా భుజానికి ఉందా?"

ఒరేయ్, నాకు నా పెళ్లి గుర్తొచ్చింది. మీ తాత నన్ను మీ నాన్నకిచ్చిన రోజు నేను వంటింట్లో శనగలు ఏరుతూ ఉన్నాను. ఎవరూ నన్ను పిలిచి అడగలేదు. మీ నాన్న మంచివాడు కావడం నా అదృష్టం, అంతే.

"ఎక్కుతున్నాను" అని ఎక్కేశాను. కేకు గుమెర్సిందో బల్ల మీదే ఉండిపోయింది.

దారిలో అన్నీ చెప్పింది. బార్సెలోనా ఆసుపత్రిలో నర్సు పని నేర్పడానికి తీసుకున్నారట, మర్నాడు పొద్దున్నే హాజరు కావాలట, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. "లెయాంద్రోకి ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే ఆగమంటాడు. వాడు ఆగమంటే ఆగిపోతానేమోనని భయమేసింది అత్తా" అని ఏడ్చేసింది. నిన్ను వద్దనుకున్న పిల్ల అలా ఏడవదు, అది నేను రాసిస్తాను.

కానీ నేను బండి ఆపినందుకు ఆలస్యమైంది, పెద్ద బండి దాటిపోయేలా ఉంది. నా వల్ల ఒక పిల్ల బండి తప్పిపోవడమా! ఒనోరినో దగ్గరికెళ్లి, "క్రుసేదా స్టేషను రాకముందే బొగ్గుల గేటు దగ్గర కాస్త నిలుపు, అక్కణ్ణించి పెద్ద స్టేషనుకు దూరం తక్కువ" అన్నాను.

"నా ఉద్యోగం ఊడుతుంది."

"ఈస్టరుకు నీకు రెండు కేకులు."

నిలిపాడు. నేను పెట్టె నెత్తిన పెట్టుకున్నాను, పిల్ల గౌను ఎత్తిపట్టుకుంది, బొగ్గుల్లోంచి ఇద్దరం పరుగు. గార్డు ఈల నోట్లో పెట్టుకునే సరికి ఆమెను లోపలికి తోసేశాను. అవును నాయనా. నీ కసిల్దాను బార్సెలోనా బండి ఎక్కించింది నేనే, ఈ చేతులతోనే. కోపమొస్తే రా, కానీ నాకు పశ్చాత్తాపం లేదు.

ఆదివారం గుమెర్సిందో కేకు పళ్లెం పట్టుకుని వచ్చాడు. "అడగడానికొచ్చి ఎత్తుకుపోతావా?" అని వీధంతా వినేలా అరిచాడు. మీ నాన్న ఆయనకు సారా పోశాడు. వెళ్లేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, పిల్ల క్షేమంగా చేరిందా అని నన్నే అడిగాడు.

కడియం సంగతంటావా, ఆరోజు పెద్ద బండి కదిలేముందు కిటికీలోంచి ఆమెకిచ్చాను. చేతికి వేసుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. సంచిలో పెట్టుకుని, "తొడిగేవాణ్ణి రమ్మనండి" అంది.

జూన్లో నీకు సెలవు రాగానే ఇంటికి రాకు, ముందు బార్సెలోనాకు వెళ్లు. మలగాలో ఓడ దిగాక రైలుకు వ్యవధి తక్కువట. ముందు దిగు, ఎవరికీ బుగ్గ ఇవ్వకు, స్టేషన్లో తినడానికి కూర్చోకు. అక్కడికెళ్లి నువ్వే అడుగు, ఆమెనే అడుగు. ఆ పిల్ల ఆగుతుందో ఆగదో నేను చెప్పలేను. కానీ మన లోయలో పుట్టినవాడివి, చెయ్యెత్తకుండా నిలబడి బండి పోయిందని మాత్రం నాకు ఉత్తరం రాయకు.

ఇట్లు,
నిన్ను కన్నదీ, ఏ బండీ తప్పనిదీ అయిన
మీ అమ్మ
దొమితిలా