దేవుడి పటం వెనక కవరు

జూలై 3

స్కూలు నుంచి వస్తూ స్కాన్ సెంటర్లో బావగారి రిపోర్టు తీసుకున్నాను. ముక్తేశ్వరం నుంచి అమలాపురం మళ్ళీ ఎందుకు, మా మరదలు తెస్తుందిలెండి అన్నారట. బస్సులోనే విప్పాను. గుండె రక్తనాళాల్లో కాల్షియం చాలా ఎక్కువ. వెంటనే గుండె డాక్టరుకి చూపించాలి... పోయినేడు మా ఆయన రిపోర్టులోనూ ఇదే మాట.

తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాను.

జూలై 4

మరిచిపోతానా! బావగారి కూతురి పెళ్ళికి పందిరి రాట వేసిన రోజే వచ్చింది మా ఆయన రిపోర్టు. ఏ కవరైనా పెద్దాయనే విప్పాలి, వాళ్ళింటి పద్ధతి. విప్పారు, చదివారు, మడిచారు. రాట వేశాక పదహార్రోజుల పండగ దాకా ఆస్పత్రి మాట ఎత్తకూడదట. "అంతా బాగానే ఉందిరా" అన్నారు తమ్ముడితో. పన్నెండో రోజు సారె బుట్టలు వ్యానెక్కిస్తూ మా ఆయన కూలిపోయారు. కర్మలయ్యాక బావగారింట్లో దేవుడి పటం వెనక దుమ్ము దులుపుతుంటే ఆ కవరు దొరికింది. నాకే దొరకాలా...

నేనూ పన్నెండు రోజులే దాస్తాను. అంతకి అంత.

జూలై 7

అక్క ఫోను. బావగారు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారట, గ్యాసంటున్నారట. రిపోర్టు రాలేదా అంది. మిషను పాడైందట అక్కా అన్నాను. ఎంత నున్నగా వచ్చిందో అబద్ధం. పడనీ. తెలియాలి.

జూలై 8

ఐదో రోజు.

జూలై 10

టీ గిన్నె అడుగున బోరునీళ్ళ తెల్లపెచ్చు. గీకినా పోదు. రక్తనాళాల్లోనూ ఏళ్ళ తరబడి ఇలాగే పేరుకుని, దారి ఇరుకై, గుండెపోటు తెస్తుందని డాక్టరు చెప్పారు — ఆయన పోయాక. ముందే తెలిస్తే మందులుండేవట. ఆ 'ఉండేవట' నన్ను తినేస్తోంది. బావగారినీ తినాలి.

జూలై 12

బావగారు వచ్చారు. ఒక్కరే, ఆటోలో. గుమ్మంలోనే కూర్చుండిపోయారు, ఒళ్ళంతా చెమట. మంచినీళ్ళిచ్చాను. తాగలేదు.

"మిషను బాగానే ఉందంటమ్మా. రిపోర్టు నువ్వు తీసుకెళ్ళావని మొదటిరోజే ఫోన్ చేసి కనుక్కున్నాను."

గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"వాడి కవరు నేనెక్కడ పెట్టేనో నీకు తెలుసు. పన్నెండో రోజు దాకా అడగనులే అమ్మాయ్. అక్కకి చెప్పకు."

వెళ్ళిపోయారు. నా పగక్కూడా తనే పెద్దరికం చేస్తారా! ఒళ్ళు మండిపోయింది.

జూలై 13

పదో రోజు. కవరు సంచిలో పెట్టుకుని బస్టాండుకి వెళ్ళాను. ముక్తేశ్వరం బస్సులు రెండు వెళ్ళిపోయాయి, కాలు కదల్లేదు. తిరిగొచ్చి మళ్ళీ పటం వెనకే.

ఇది రాస్తుంటే ఫోను మోగుతోంది. అక్క. ఆగింది... మళ్ళీ మోగుతోంది. చెయ్యి పోవడం లేదు.