నాలుగో ఫొటో

ఫిబ్రవరి 3, ఉదయం 11:20

పద్నాలుగు నెలల క్రితం నా వార్త వల్ల ఉద్యోగం పోయిన మనిషి ఇవాళ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. అతను చూసింది వార్త మీద నా పేరే, మొహం కాదు.

ఆసుపత్రి రెండో అంతస్తు, నొప్పుల క్లినిక్. నేను వెళ్లింది కుడి మణికట్టు కోసం. మెట్ల మీద పడ్డాను. ఆరు వారాలు కట్టు. ఎముక అతికి ఐదు నెలలైంది, ఎక్స్‌రేలో ఏ లోపమూ లేదు. దుప్పటి అంచు తగిలినా చెయ్యి కాలిపోతున్నట్టుంటుంది.

ఇక్కడ పేర్లతో పిలవరు. ఫిజియో ఆవిడ అందరినీ నొప్పి ఉన్న చోటుతో పిలుస్తుంది. నడుంగారూ, మెడగారూ. నేను చేయిగారు. అతను కాలుగారు.

గిడ్డంగిలో లోడింగ్ పని చేసేవాడు. పాదం మీద పెట్టె పడింది. దెబ్బ మానింది, నొప్పి మానలేదు. సెలవులో ఉన్నవాడు కర్ర లేకుండా తిరుగుతున్నాడని కంపెనీ మనిషి ఫోన్ చేస్తే నేనూ ఫొటోగ్రాఫరూ వెళ్లాం. పాపను భుజాన వేసుకుని పరుగెడుతూ దొరికాడు. నలభై అడుగులు. వీధి అవతలి నుంచి లెక్కపెట్టాను. శీర్షిక నాదే: కాలునొప్పి కార్మికుడి పరుగు. వారం తిరక్కుండా తీసేశారు.

ఫిబ్రవరి 4

అక్క గిన్నెలు తోమి పెట్టి వెళ్లింది. ఎముక అతికాక ఇంకా నొప్పేమిటే, అంట్లు చూస్తేనే వస్తుందా అంది. నవ్వింది కూడా.

అతని గురించి నేనూ అలాగే నవ్వాను. డెస్కులో, నలుగురి ముందు.

ఫిబ్రవరి 10

ఫిజియో ఇవాళ బోర్డు మీద వెన్నెముక గీసింది. నరాలు మోసుకొచ్చేది నొప్పిని కాదట, కబురునట. ఆ కబురును ఎంత పెద్దది చేయాలో వెన్నుపాము, మెదడు కలిసి తేలుస్తాయట. మామూలుగా అయితే దెబ్బ మానేకొద్దీ పైనుంచి తగ్గించమని సంకేతం దిగుతుంది. కొందరిలో అది సరిగా దిగదు. దెబ్బ పోయినా కబురు పెద్దదవుతూనే ఉంటుంది. నొప్పి మాత్రం నిజమే, ఎవరూ నటించక్కర్లేదు అంది.

మా భాషలో అయితే, లోపలి పేజీలో నాలుగు లైన్లకు సరిపోయే వార్తను రోజూ మొదటి పేజీకి ఎక్కిస్తున్నారు. సవరణ వేసే దిక్కు లేదు.

తర్వాత అద్దం వ్యాయామం. బల్ల మీద నిలువుటద్దం. చెడ్డ చెయ్యి దాని వెనక దాస్తాం. అద్దంలో మంచి చెయ్యి కదులుతుంటే మెదడు అది చెడ్డ చెయ్యే అనుకుంటుంది. నాకు అద్దం పట్టుకున్నది కాలుగారు. మనిద్దర్నీ కలిపితే ఒక ఉద్యోగానికి సరిపడా మనిషి తేలతాడండీ అన్నాడు. గది అంతా నవ్వింది. నేనూ.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం 12:05

నొప్పి తెలియకుండా పోయిన సందర్భం ఏదైనా ఉంటే చెప్పమంది ఫిజియో.

కాలుగారు చెప్పాడు. చెల్లెలి కూతురు మేడ మీంచి పడిందట. తల పగిలింది. ఎత్తుకుని పరుగెత్తాడు. వ్యాను ఎక్కేదాకా తనకో కాలుందనే గుర్తు లేదట. ఆ తర్వాత తొమ్మిది రోజులు పాదం నేల మీద పెట్టలేకపోయాడు. ఆ పరుగునే ఎవరో ఫొటో తీసి పేపర్లో వేశారండీ అన్నాడు.

ఫిజియో ఆశ్చర్యపోలేదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మెదడు నొప్పిని కాసేపు ఆపేస్తుందట. యుద్ధంలో సైనికులకూ అంతేనట.

చేతికి స్పర్శ అలవాటు చేయడానికిచ్చిన దూది కిందపడింది, ఏరుకున్నాను. ఎడమ చేత్తో.

ఫిబ్రవరి 18

ఆఫీసు సిస్టంలో వెతికాను. ఆ రోజు ఏడు ఫొటోలు తీశారు. మేం వేసింది ఆరోది. నాలుగోదాంట్లో చొక్కా భుజం నుంచి జేబు దాకా రక్తం. పాప తల వేలాడుతోంది. ఆరోదాంట్లో పాప తల అతనికి అవతలి వైపు ఉంది, రక్తం కనపడదు.

ఎంచుకున్నది నేను. అప్పుడు నాలుగోదీ చూశాను. మరక అనుకున్నాను. అతనికి ఫోన్ చేసి అడగడానికి ఐదు నిమిషాలు చాలు. అడగలేదు.

ప్రింటు తీసుకున్నాను.

ఫిబ్రవరి 19

ఫిజియోకి చెప్పలేదు. అతనికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 24

పనిలోంచి తీసేసినందుకు కంపెనీ మీద అతను వేసిన కేసు విచారణ మార్చి 2న. గెలిస్తే కూర్చుని చేసే పని ఇవ్వాలి. ఓడితే ఇక ఏ గిడ్డంగీ తీసుకోదు. నాటకాలరాయుడని పేరు పడిపోయింది కదండీ అన్నాడు.

ఆ రాసినావిడ కంపెనీ తరఫు సాక్షట. తిట్టడట. చొక్కా మీద రక్తం కనపడలేదా అమ్మా అని ఒక్క మాట అడుగుతాడట.

మీరూ రండి చేయిగారూ, ముందు వరసలో కూర్చోండి, ఒక్క తెలిసిన మొహమైనా ఉంటుంది అన్నాడు.

వస్తానన్నాను.

ఫిబ్రవరి 26

ఎడిటర్‌కు నాలుగో ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. కోర్టులో అడగనిదానికి జవాబెందుకమ్మా అన్నాడు. చేతి నొప్పికి నేను పెట్టుకున్న సెలవు ఫైలు కూడా తన బల్ల మీదే ఉందన్నాడు. నీకూ అతనికీ ఒకటే జబ్బని బయటపడితే, నీ మాట ఎవరు నమ్ముతారు, నీ చెయ్యి ఎవరు నమ్ముతారు అన్నాడు. టీ తెప్పించాడు.

సాయంత్రం కంపెనీ లాయర్ వచ్చాడు. ఫొటో నిజమేనా అంటారు, నిజమే అనండి, దిగిపోండి, రెండు నిమిషాలు అన్నాడు. ప్రమాణం చేసేటప్పుడు కుడి చెయ్యి ఎత్తాలట. నా చెయ్యి చూసి, నొప్పిగా ఉంటే ఎడమది ఎత్తండి మేడమ్, నేను జడ్జిగారికి చెప్తాలెండి అన్నాడు.

ఈ ఐదు నెలల్లో, క్లినిక్ బయట, రుజువు అడక్కుండా నా నొప్పిని నమ్మిన మొదటి మనిషి.

మార్చి 1

రేపు ఉదయం 10:30. మొదటి సాక్షిని నేనే. ముందు వరసలో నాకో కుర్చీ ఆపి ఉంచుతానని కాలుగారు మెసేజ్ పెట్టాడు. సంచి సర్దుకున్నాను. నాలుగోది సొరుగులో ఉంచి, ఆరో ఫొటో పెట్టాను.