బాగుంది, అయితే...

హెల్సింకి, మార్చి 4

లుహెండే గారికి, కెర్తూ నమస్కారాలు.

మన ఫోను టవర్ల కంపెనీకి తొమ్మిది దేశాల్లో మెకానిక్కులున్నారు కదా. ఎవరు ఉద్యోగంతో ఎంత తృప్తిగా ఉన్నారో కనుక్కోవడం నా పని. తృప్తి లేనివాళ్ళకి కొత్త సామాన్లు పంపిస్తాం. మ్వాంజాలో మీ నలుగురూ ఎలా ఉన్నారో మొహమాటం లేకుండా ఈ ఫారం మీద రాయండి.

ఇట్లు,
కెర్తూ

తా.క. ఫారాలు ముందు చదివేది యంత్రం. దస్తూరీ గుండ్రంగా ఉండాలి.

మ్వాంజా, మార్చి 19

అమ్మాయి కెర్తూకి, హెడ్ మెకానిక్ లుహెండే దీవెనలు.

మేం బాగున్నాం. పని బాగుంది. జీపు బాగుంది, అయితే బ్రేకుల్లేవు. ఆపాలంటే మామిడిచెట్టుకి గుద్దుతున్నాం. చెట్టు బాగుంది, అయితే కాస్త ఒరిగింది. టవరెక్కే నడుం బెల్టులు బాగున్నాయి, అయితే తెగిపోయాయి. మా కుర్ర మెకానిక్ కుల్వా, మేకని కట్టే తాడుతో ఎక్కుతున్నాడు. మేక బాగుంది, అయితే ఎటుపోయిందో తెలీదు.

మీ అమ్మానాన్నా, మీ ఆవులూ ఎలా ఉన్నారు?

ఉంటాను,
లుహెండే

తా.క. బెల్టులు త్వరగా పంపు తల్లీ. మే నెలాఖర్న కుల్వా పెళ్ళి.

హెల్సింకి, ఏప్రిల్ 2

లుహెండే గారూ, శుభాకాంక్షలు!

తొమ్మిది దేశాల్లో మీరే ఫస్టు! యంత్రం మొదటి వాక్యమే చదువుతుంది. మీది 'మేం బాగున్నాం'. ఆఖరు మా ఫిన్లాండువాళ్ళు. కాఫీ చల్లారిపోతోందని ఆరు పేజీలు ఏడ్చారు. అందుకని కొత్త బెల్టులు వాళ్ళకి, వెండికప్పు మీకు.

సంతోషంతో,
కెర్తూ

తా.క. అయ్యో! మీ ఫారం చివరిదాకా ఇప్పుడే చదివాను. 'బాగోలేదు' అని మొదలుపెట్టి వెంటనే ఇంకోటి రాయండి. మాకు ఆవుల్లేవు.

మ్వాంజా, ఏప్రిల్ 20

తల్లీ కెర్తూ, చల్లగా ఉండు.

కప్పు బాగుంది, అయితే దాన్ని నడుముకి కట్టుకోలేం. కుల్వా బాగున్నాడు, అయితే మంగళవారం టవరు మీంచి పడ్డాడు. సరస్సు ఒడ్డున ఆడవాళ్ళు ఆరబోసిన చిరుచేపల గుట్ట మీద పడ్డాడు కాబట్టి బతికాడు. పెళ్ళికూతురు ముక్కు మూసుకుని పరామర్శించి వెళ్ళింది.

'బాగోలేదు' అని రాద్దామని మూడుసార్లు కూర్చున్నా. చెయ్యి రాలేదు. ఎలా ఉన్నావని పలకరించిన మనిషి మొహాన చెడ్డమాట కొడతామా? మా మామ పోయాడని కబురు తెచ్చినవాడు కూడా 'అంతా బాగుంది' అనే మొదలెట్టాడు. అరగంటకి గానీ మామ దాకా రాలేదు. ఈ వయసులో నన్ను మర్యాద తప్పమంటావా? అయితే భయంగా ఉందమ్మా. ఈసారి కింద చేపలు లేకపోతే?

నీ మేలు కోరే
లుహెండే

తా.క. ఆవుల్లేవా! మరి ఎలా బతుకుతున్నారు, పాపం?

హెల్సింకి, మే 6

లుహెండే బాబాయ్‌కి,

అంతా బాగుంది. అమ్మ బాగుంది. మా పిల్లి బాగుంది. బెల్టులు విమానంలో బయల్దేరాయి. అవి చేరేదాకా కుల్వాని నేల మీదే ఉంచండి.

మీ చెయ్యి రాయనన్న మాట నేనే రాశాను. మీ ఫారంలో మొదటి వాక్యం కొట్టేసి 'బాగోలేదు, ప్రాణాల మీదికొచ్చింది' అని పెట్టాను. యంత్రం నమ్మేసింది. మేనేజరు కూడా బాగున్నాడు, అయితే నా దస్తూరీ గుర్తుపట్టాడు. అప్పటికే విమానం లేచిపోయింది. నేను బాగున్నాను, అయితే ఉద్యోగం ఊడింది.

తొమ్మిది దేశాలవాళ్ళని తృప్తిగా ఉన్నారా అని అడిగాను. నన్నెవరూ అడగలేదు బాబాయ్. ఏడేళ్ళ ఉద్యోగంలో నాకు తృప్తి దొరికింది ఆ మాట రాసిన ఒక్కరోజే.

మీ అమ్మాయి,
కెర్తూ

తా.క. మీరు నలుగురు, పెట్టెలో బెల్టులు ఐదు. ఐదోది నా నడుం కొలతది. పెళ్ళికి ముందే వస్తాను, జీపు మామిడిచెట్టు దగ్గర కాస్త జాగ్రత్తగా ఆపండి.